120 మిషన్లకు వైర్‌లెస్ వైబ్రేషన్ సెన్సర్లు పెట్టాలా? పెన్ మీటర్ పక్కన పడేయొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. పరవాడ ఫార్మాసిటీలో బల్క్ డ్రగ్ యూనిట్ మీది (కాగితాల్లో అనకాపల్లి జిల్లా అయింది గానీ మనకింకా వైజాగే). తిరిగే మిషన్లు 120 దాకా ఉన్నాయి. నెలకోసారి ఫిట్టర్ వైబ్రేషన్ పెన్ (మిషన్ అదురు కొలిచే పెన్నులాంటి మీటర్) పట్టుకుని తిరిగి రిజిస్టర్లో రాస్తాడు. ఇప్పుడొక వెండర్ వచ్చి అన్నింటికీ సెన్సర్లు అంటిస్తాం, ఏఐ చూసుకుంటుంది, పెన్ అవసరం లేదు అన్నాడు. పైవాళ్లకి నచ్చింది. మీకే ఎక్కడో నమ్మకం చిక్కడం లేదు.

పెట్టండి. 120కి మాత్రం వద్దు, ముందు ఓ 15 మిషన్లతో మొదలుపెట్టండి. పెన్ పడేయకండి. వైర్‌లెస్ సెన్సర్ మనకు తప్పించేది నడక ఒక్కటే. రీడింగ్‌ను అర్థం చేసుకోవడం, పానా పట్టుకుని మిషన్ దగ్గరికి వెళ్లడం మనకు తప్పవు. అందుకని మనిషి వెళ్లలేని చోటా, వెళ్లినా మొక్కుబడిగా వెళ్లొచ్చే చోటా పెడితేనే ఆ డబ్బు గిట్టుబాటవుతుంది. చేతికందే ఎత్తులో, పక్కనే స్టాండ్‌బై ఉన్న సాల్వెంట్ ట్రాన్స్‌ఫర్ పంపుకి సెన్సర్ పెట్టి ఏం సాధిస్తారు? అది ఆగితే రెండోది ఆన్ చేస్తారు, అంతే గదా.

నేను గాజువాక ఆటోనగర్‌లో ఫ్యాన్ల బ్యాలెన్సింగ్ చేసే షెడ్డులో మొదలై పాతికేళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నాను. మీ ప్లాంటు చూడకపోయినా రిజిస్టర్లో ఏ కాలమ్‌లో దొంగ రీడింగులు ఉంటాయో చెప్పగలను. కూలింగ్ టవర్ గేర్‌బాక్స్ కాలమ్. ప్రతి నెలా 2.8, 2.7, 2.8 (సెకనుకు మి.మీ.లలో) అని ఉంటుంది. ఫ్యాన్ తిరుగుతుండగా ఆ తడిలోకి, ఆ ఆవిరిలోకి దిగి పెన్ ఆనించే మనిషి ఎవరూ లేరు, ఉండకూడదు కూడా. కాబట్టి మీ మొదటి సెన్సర్ అక్కడికే. తర్వాత బాయిలర్ పొగను లాగే ఐడీ ఫ్యాన్, బ్రైన్ (ఉప్పునీళ్లు) చల్లబరిచే కంప్రెసర్లు, స్టాండ్‌బై లేని వాక్యూమ్ పంపులు, ఈటీపీ (వ్యర్థజలాల శుద్ధి) బ్లోయర్లు. ఆగితే బ్యాచ్ పోయేవి ఏవో మీకే బాగా తెలుసు, వాటితో 15 నిండిపోతాయి.

అయితే కూలింగ్ టవర్ దగ్గరే ఒక మోసం జరుగుతుంది. వెండర్ చేసే మోసం కాదు, లెక్కలో ఉన్న మోసం. మోటార్ 1480 ఆర్‌పీఎం అనుకుందాం, గేర్‌బాక్స్ దాటాక ఫ్యాన్ 150 దగ్గర తిరుగుతుంది. అంటే సెకనుకు రెండున్నర చుట్లు, 2.5 హెర్ట్జ్. చవక సెన్సర్లు చాలావరకు 10 హెర్ట్జ్ కింద ఉన్నదంతా వడకట్టి పారేస్తాయి. బ్లేడు విరిగి ఫ్యాన్ ఊగిపోతున్నా ఆ ఊపు సెన్సర్ లెక్కలోకే రాదు. యాప్‌లో పచ్చ రంగు వెలుగుతూనే ఉంటుంది, ఎందుకంటే అది చూస్తున్నది మోటార్‌ని, గేర్‌బాక్స్ మొదటి షాఫ్ట్‌ని మాత్రమే. పోనీ 2 హెర్ట్జ్ దాకా చూస్తుందనే అనుకుందాం. 2.5 హెర్ట్జ్ దగ్గర సెకనుకు 1 మి.మీ. అదురు వేగం (వెలాసిటీ) అంటే యాక్సిలరేషన్‌లో 0.0016 జీ (ఒక జీ అంటే భూమ్యాకర్షణ త్వరణం). అదే వేగం 25 హెర్ట్జ్ దగ్గరైతే 0.016 జీ, పదింతలు. లోపలి చిప్ సొంత రొద ఎక్కువైతే ఆ 0.0016 అందులోనే మునిగిపోతుంది. అందుకని వెండర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న బ్యాటరీ గురించి కాదు. "మీ వెలాసిటీ రీడింగ్ ఎన్ని హెర్ట్జ్ నుంచి మొదలవుతుంది? అక్కడ నాయిస్ ఎంత?" అని అడగండి. డేటాషీట్ తీయకుండా జవాబు చెప్పినవాణ్ని నమ్మొద్దు.

ఇక అంటించే చోటు. ఆరేడేళ్ల కిందట ఒక యూనిట్‌లో (పేరెందుకు లెండి) సెన్సర్లు బిగించడానికి వచ్చిన కుర్రాడు ఒక మోటార్‌కి వెనకాల ఫ్యాన్ కవర్ మీద అంటించి వెళ్లిపోయాడు. మోటార్ మొత్తంలో చదునుగా, శుభ్రంగా, చేతికందేలా ఉన్నది అదే మరి. కానీ అది వట్టి రేకు, దాని మోత దానిదే. మోటార్ హాయిగా తిరుగుతుంటే సెన్సర్ 11 మి.మీ./సె. చూపించేది. మొదటి వారం అందరూ పరుగెత్తారు. రెండో వారానికి వాట్సాప్‌లో ఆ గ్రూపు మ్యూట్‌లో పడింది. మూడో నెలలో అదే వరుసలో ఇంకో పంపు డ్రైవ్ ఎండ్ బేరింగ్ నిజంగానే పట్టేసింది. అలర్ట్ నాలుగు రోజుల ముందే వచ్చి ఉంది, మ్యూట్‌లో ఉన్న గ్రూపులో ఎవరు చూస్తారు? ఆ మీటింగ్‌లో తిట్లు తిన్నది మాత్రం సాఫ్ట్‌వేర్.

సెన్సర్ బేరింగ్ హౌసింగ్ మీదే ఉండాలి, బేరింగ్‌కీ దానికీ మధ్య వీలైనంత తక్కువ ఇనుము ఉండాలి. రంధ్రం చేసి స్టడ్ (మర బోల్టు) బిగిస్తే అన్నింటికన్నా మేలు. మామూలు మోటార్‌కి అది చేయొచ్చు. మీ సాల్వెంట్ ఏరియాలో ఉన్న ఫ్లేమ్‌ప్రూఫ్ (లోపల మండినా మంట బయటికి రానివ్వని) మోటార్ బాడీకి మాత్రం డ్రిల్ తగలనివ్వకండి. ఒక్క రంధ్రంతో ఆ మోటార్ సర్టిఫికెట్ చిత్తుకాగితం అవుతుంది. అక్కడ ఎపాక్సీయే గతి. పెయింట్ మీద అంటిస్తే మీరు కొలిచేది పెయింట్‌ని. మెరిసే లోహం కనబడేదాకా గీకి, సాల్వెంట్‌తో తుడిచి, అంటించి, ఆరాక చుట్టూ అంచులకు మళ్లీ పెయింట్ వేయించండి. ఈ చివరి మాట ఏ ఇన్‌స్టలేషన్ మాన్యువల్‌లోనైనా ఉందో లేదో గానీ మన ఊళ్లో తప్పదు. ఉప్పుగాలికి గీకిన చోట అంచు నుంచి తుప్పు లోపలికి పాకుతుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి సెన్సర్ ఎపాక్సీ మీద కాదు, తుప్పు పొర మీద కూర్చుని ఉంటుంది. అప్పుడు రీడింగ్ మెల్లగా తగ్గుతూ వస్తుంది. మిషన్ బాగుపడిందని సంబరపడతాం. మాగ్నెట్‌తో పెట్టేవి తాత్కాలికంగా సరే, కానీ దాదాపు 2000 హెర్ట్జ్ దాటాక వాటి మీద భరోసా పెట్టుకోకండి.

ఆ 2000 దాటిన సంగతి ఎందుకంటే, మీ పెన్‌కి ఉన్న అసలు లోపం అక్కడే ఉంది. పెన్ చూపించే వెలాసిటీ 10 నుంచి 1000 హెర్ట్జ్ మధ్యది. అన్‌బ్యాలెన్స్, మిస్‌అలైన్‌మెంట్ (షాఫ్టులు ఒకే వరసలో లేకపోవడం), బేస్ బోల్టు లూజు, ఇవన్నీ ఆ మధ్యలోనే పడతాయి కాబట్టి వాటికి పెన్ చక్కగా పనికొస్తుంది. బేరింగ్ రేసు (బాల్స్ దొర్లే రింగు) మీద చిన్న పెచ్చు లేచిందనుకోండి, బాల్ దాని మీదుగా దొర్లిన ప్రతిసారీ హౌసింగ్ గంట కొట్టినట్టు మోగుతుంది. ఆ మోత వేల హెర్ట్జ్‌లో ఉంటుంది. పెన్ అటువైపు చెవే పెట్టదు.

ఒకచోట 75 కిలోవాట్ల ఐడీ ఫ్యాన్. వెలాసిటీ 2.1 నుంచి మూడు వారాల్లో 2.4కి వచ్చింది. ఎవరికీ చీమ కుట్టినట్టు కూడా లేదు. అదే మూడు వారాల్లో యాక్సిలరేషన్ పీక్ ఒకటిన్నర జీ నుంచి 8 జీకి ఎగబాకింది. స్పెక్ట్రమ్ అంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత అదురుందో చూపే గ్రాఫు; ఆ మోత ఎన్నిసార్లు మళ్లీ మళ్లీ వస్తోందో చూపే ఎన్వలప్ స్పెక్ట్రమ్ తీస్తే బయటి రేసు ఫ్రీక్వెన్సీ (బాల్స్ ఆ పెచ్చు మీదుగా సెకనుకు ఎన్నిసార్లు దొర్లుతాయో అది), దాని రెట్లు దువ్వెన పళ్లలా నిలబడ్డాయి. ఆదివారం బాయిలర్ ఆపి విప్పితే రేసు మీద కందిపప్పంత పెచ్చు. అక్కడి పాత ఫిట్టర్ అంతకు పది రోజుల ముందే స్క్రూడ్రైవర్ హౌసింగ్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని "బాబూ, లోపల ఇసక నలిగినట్టు సప్పుడొత్తంది" అన్నాడని తర్వాత తెలిసింది. ఆయన మాట ఎవరూ రిజిస్టర్లో రాయలేదు. రిజిస్టర్లో ఆ కాలమ్ లేదు.

కాబట్టి కొనేది ఏదైనా వెలాసిటీతో పాటు యాక్సిలరేషన్, కనీసం 5000 హెర్ట్జ్ దాకా వేవ్‌ఫారం (అదురు ముడి రికార్డింగు) ఇచ్చేది కొనండి. మెమ్స్ చిప్ సెన్సర్లలో 1000 దగ్గరే ఆగిపోయేవి ఉన్నాయి, పది వేల దాకా వెళ్లేవీ ఉన్నాయి. పీజో (ఒత్తిడికి కరెంటు పుట్టించే పలకతో కొలిచే) రకం ఖరీదెక్కువ, కానీ బేరింగుల మీద నమ్మకం ఎక్కువ. ఇంకో చిన్న పని ఈ వారమే చేయండి: ఏ మిషన్‌లో ఏ నంబర్ బేరింగ్ ఉందో, ఏ కంపెనీదో రాసిపెట్టండి. 9 బాల్స్ ఉన్న 6205కి బయటి రేసు ఫ్రీక్వెన్సీ షాఫ్ట్ వేగానికి దాదాపు 3.58 రెట్లు. 1480 ఆర్‌పీఎం మోటార్‌లో సుమారు 88 హెర్ట్జ్. నంబర్ ఒకటే అయినా కంపెనీ మారితే లోపలి కొలతలు కొంచెం మారొచ్చు. అసలు నంబరే తెలియకపోతే బాల్స్ సంఖ్యను 0.4తో గుణిస్తే బయటి రేసుకి, 0.6తో గుణిస్తే లోపలి రేసుకి దగ్గర లెక్క వస్తుంది.

మీ గోడ మీద చార్టు ఉండే ఉంటుంది, వైబ్రేషన్ ఎంతదాకా ఫర్వాలేదో చెప్పే ఐఎస్ఓ 10816-3. 2022లో దాని స్థానంలో 20816-3 వచ్చింది. 15 నుంచి 300 కిలోవాట్ల మిషన్ గట్టి ఫౌండేషన్ మీద ఉంటే పాత చార్టు గీతలు సెకనుకు 1.4, 2.8, 4.5 మి.మీ. ఊగే స్టీల్ స్ట్రక్చర్ మీద ఉంటే 2.3, 4.5, 7.1. మీ ప్రాసెస్ బ్లాకుల్లో మూడో ఫ్లోర్, నాలుగో ఫ్లోర్ మీద ఉన్నవి ఎక్కువగా రెండో రకం కిందికే వస్తాయి, చాలామంది వాటికీ 2.8 గీత పెట్టుకుని భయపడుతుంటారు. పంపులకు విడిగా 10816-7 ఉంది. ఇవన్నీ కొత్త మిషన్‌ని ఒప్పుకోవడానికి, మొదటి అలారం పెట్టుకోవడానికి బాగుంటాయి. ఆపైన మీకు ముఖ్యం ఆ మిషన్ నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత మారిందన్నదే. ఏళ్ల తరబడి 5 దగ్గర తిరిగే ఫ్యాన్‌ని నేను పట్టించుకోను. 1.2 నుంచి 2.4కి వెళ్లినదాన్ని చూడటానికి ఆ రోజే వెళతాను.

ఇప్పుడు మీ ఫార్మా వాళ్లకే ప్రత్యేకమైన చిక్కు. రిఫైనరీలో పంపు నెలల తరబడి ఆగకుండా తిరుగుతుంది. మీది బ్యాచ్ పని. సెన్సర్ నాలుగు గంటలకోసారి మేల్కొంటే ఆ టైముకి మీ అజిటేటర్ (రియాక్టర్‌లో సరుకు కలిపేది) ఆగి ఉండొచ్చు, లేదా రియాక్టర్ సగం నిండి ఉండొచ్చు. ఖాళీ రియాక్టర్‌లో అజిటేటర్ ఒకలా ఊగుతుంది, నిండుగా ఉన్నప్పుడు ఇంకోలా. వీఎఫ్‌డీ (మోటార్ వేగం మార్చే డ్రైవ్) మీద వేగం కూడా మారుతుంటే మరీ గందరగోళం. ఇవన్నీ కలిపి సగటు తీసి దాన్ని బేస్‌లైన్ (పోల్చుకునే మామూలు స్థాయి) అంటే అర్థం లేదు. మిషన్ తిరుగుతున్నప్పుడే, ఒకే వేగం దగ్గరే కొలిచేలా ట్రిగ్గర్ పెట్టే వీలుందా అని అడగండి. లేదంటే అజిటేటర్లని ఈ 15లో కలపకండి.

సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పి తడి సరుకు నుంచి ద్రవం తీసేది) గురించి మాత్రం గట్టిగా చెబుతాను. లోపల మిగిలే ముద్ద (కేక్) ఒక పక్కకి పేరుకుంటే బాస్కెట్ సెకన్లలో ఊగిపోతుంది. నాలుగు గంటలకో, గంటకో మేల్కొనే సెన్సర్ దాన్ని ఆపలేదు. అక్కడ మిషన్‌ని దానంతటదే ఆపేసేలా (ట్రిప్) వైరుతో కలిపిన వైబ్రేషన్ స్విచ్ ఉండాల్సిందే. మీ పక్కనే సింహాద్రి విద్యుత్ కేంద్రంలో 500 మెగావాట్ల టర్బైన్లు 3000 ఆర్‌పీఎంలో తిరుగుతాయి. అలాంటి వాటి షాఫ్ట్ పక్కన వైర్లతో ప్రోబ్‌లు ఎప్పుడూ చూస్తూనే ఉంటాయి, గీత దాటితే మనిషిని అడగకుండా ఆపేస్తాయి. అది కాపలా. మనం మాట్లాడుకుంటున్న వైర్‌లెస్ సెన్సర్ పని అప్పుడప్పుడూ వచ్చి నాడి చూసి వెళ్లడం. సెన్సర్లు పెట్టాం కదా అని సెంట్రిఫ్యూజ్ స్విచ్ బైపాస్ చేసినవాళ్లని చూశాను.

రేడియో సంగతి. 1000 హెర్ట్జ్ దాకా 1600 లైన్ల (గ్రాఫులో గీతల) స్పెక్ట్రమ్ కావాలంటే 1.6 సెకన్లపాటు 4096 శాంపిళ్లు తీయాలి. శాంపిల్‌కి రెండు బైట్లు చొప్పున ఒక దిక్కుకి 8 కేబీ, మూడు దిక్కులకి 24. వై-ఫైకి ఇది లెక్కలోకి రాదు. లోరాలో (తక్కువ కరెంటుతో దూరం వెళ్లే రేడియో) దూరంగా ఉన్న సెన్సర్ నెమ్మది వేగంలో ఒక్కో ప్యాకెట్‌కి 51 బైట్లే మోయగలదు. ఒక్క దిక్కుకే 161 ప్యాకెట్లు! అందుకే లోరా మీద నడిచే సెన్సర్లు సాధారణంగా వేవ్‌ఫారం పంపవు, రెండు మూడు అంకెలు పంపి ఊరుకుంటాయి. మన దేశంలో లైసెన్సు అక్కర్లేని 865-868 మెగాహెర్ట్జ్ బ్యాండ్ కాబట్టి గోడలు దాటి దూరం బాగా వెళుతుంది. ఈటీపీ మూలన ఉన్న బ్లోయర్‌కి అది చాలు. వైర్‌లెస్‌హార్ట్ అనే ఇంకో రేడియో పద్ధతి 2.4 గిగాహెర్ట్జ్‌లో సెన్సర్ నుంచి సెన్సర్‌కి అందించుకుంటూ వెళుతుంది. వేవ్‌ఫారం వస్తుంది గానీ నిమిషాలు పడుతుంది. రోజుకొకటి చాలు మనకి. గంటకొకటి కావాలని పెడితే "అయిదేళ్ల బ్యాటరీ" ఏడాదికే చేతికొస్తుంది. ఆ అయిదేళ్లు రోజుకి ఎన్ని రీడింగులకో, ఎంత వేడిలోనో రాతపూర్వకంగా తీసుకోండి.

లైన్ల సంఖ్య వెండర్లు తగ్గించే చోటు. 2960 ఆర్‌పీఎం మోటార్‌కి రెండింతల వేగం 98.7 హెర్ట్జ్, కరెంటు వల్ల వచ్చేది 100 హెర్ట్జ్. 1000 హెర్ట్జ్‌కి 400 లైన్లే ఉంటే ఒక్కో గీత వెడల్పు 2.5 హెర్ట్జ్. ఆ రెండూ ఒకే గీతలో కలిసిపోతాయి. మీరు మిస్‌అలైన్‌మెంట్ అనుకుని లేజర్ పెట్టి రోజంతా షిమ్ములు (మోటార్ కాళ్ల కింది పల్చటి రేకులు) మారుస్తారు. సాయంత్రానికి రీడింగ్ అంతే ఉంటుంది, ఎందుకంటే జబ్బు స్టేటర్‌లోనో సాఫ్ట్ ఫుట్‌లోనో (బేస్ మీద సరిగా ఆనని మోటార్ కాలు) ఉంది.

గేట్‌వే (సెన్సర్ల రీడింగులు అందుకునే పెట్టె) యూపీఎస్ మీద పెట్టండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక ఊరు రోజుల తరబడి చీకట్లో ఉంది. బ్యాటరీ సెన్సర్లు అలాంటప్పుడూ మేల్కొనే ఉంటాయి, కానీ వినేవాడికి కరెంటు లేకపోతే ఏం లాభం? తుఫాను తర్వాత మిషన్లు మళ్లీ స్టార్ట్ చేసే గంటల్లోనే ఆ రీడింగులు అన్నింటికన్నా ఎక్కువ కావాలి, నీళ్లు చేరిన బేరింగులు అప్పుడే బయటపడతాయి.

సాల్వెంట్ బ్లాకులోకి వెళ్లే ప్రతి సెన్సర్‌కీ అక్కడి జోన్‌కి (పేలే ఆవిరి ఎంత తరచుగా ఉంటుందో దానికి), గ్యాస్ గ్రూప్‌కి సరిపోయే ఇంట్రిన్సిక్ సేఫ్టీ (ఆవిరిని అంటించేంత రవ్వ పుట్టదన్న) సర్టిఫికెట్, పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) అనుమతి ఉన్నాయో లేదో చూడండి. టోలుయిన్, మెథనాల్, అసిటోన్ ఉన్న చోటికి ఐఐఏ గ్రూప్ సరిపోతుంది గానీ హైడ్రోజనేషన్ బ్లాకుకి ఐఐసీ ఉండాలి. బ్యాటరీ ఆ ఏరియాలో మార్చొచ్చా, బయటికి తెచ్చి మార్చాలా అన్నది కూడా సర్టిఫికెట్‌లోనే ఉంటుంది. సేఫ్టీ ఆఫీసర్‌ని కొనుగోలు మీటింగ్‌కే పిలవండి, తర్వాత పిలిస్తే సగం సెన్సర్లు స్టోర్‌కి వెళతాయి.

ఏఐ అంటారా. మీ ప్లాంటులో ఏడాదికి బేరింగులు ఎన్ని పోతాయి, పదో పన్నెండో? ఒక్కోటి ఒక్కో రకం మిషన్. అంత కొద్దిపాటి చావులు చూసి ఏ ప్రోగ్రామూ జబ్బు పేరు నేర్చుకోలేదు. మామూలుగా ఉండే తీరు నుంచి తప్పిందని చెప్పగలదు, అదీ మంచిదే. కానీ ఎందుకు తప్పిందో చెప్పేది స్పెక్ట్రమ్, విప్పి చూసిన ఫిట్టర్. ఐడీ ఫ్యాన్ వైబ్రేషన్ పెరిగితే యాప్ "బేరింగ్ పరిశీలించండి" అంటుంది. షాఫ్ట్ వేగం దగ్గర ఒక్క గీతే పెరిగి ఉంటే చాలావరకు బ్లేడ్లకి బూడిద పట్టిందన్నమాట, గీకి శుభ్రం చేస్తే పోతుంది. అందుకే కాంట్రాక్టులో ముడి వేవ్‌ఫారం ఫైళ్లు మాకిస్తారు, చందా ఆపేసినా మా దగ్గరే ఉంటాయి అన్న వాక్యం ఒకటి రాయించుకోండి. అలర్ట్ ఎవరి ఫోన్‌కి వెళ్లాలో కూడా ఒక్క పేరే పెట్టండి. పది మందికి వెళ్లేది ఎవరికీ వెళ్లనట్టే.

ఇక పెన్. సెన్సర్లు పెట్టిన 15 మిషన్లకి కూడా మొదటి మూడు నెలలు అదే చోట, అదే దిక్కులో పెన్ రీడింగ్ తీయించండి. రెండూ కలవకపోతే ఎపాక్సీ దగ్గరో సెట్టింగ్ దగ్గరో తప్పుంది. మిగతా 105కి నెలకోసారి తిరగడం అలాగే ఉంచండి. ఆ తిరుగుడులో ఫిట్టర్ చూసేవి వైబ్రేషన్ ఒక్కటే కాదు: సీల్ కారడం, కప్లింగ్ గార్డు కింద నల్ల రబ్బరు పొడి, ఎక్కువై బయటికి కక్కిన గ్రీజు. రిజిస్టర్లో ఒక కాలమ్ పెంచి "ఏం విన్నావు, ఏం చూశావు" అని పెట్టండి, తెలుగులోనే రాయమనండి.

మీ కూలింగ్ టవర్ గేర్‌బాక్స్ నేమ్‌ప్లేట్ మీద రేషియో ఎంతుందో, వెండర్ ఇచ్చిన డేటాషీట్‌లో కింది ఫ్రీక్వెన్సీ ఎంతుందో ఈ రెండూ రాయండి. ఆ సెన్సర్ అక్కడ పనికొస్తుందో లేదో లెక్కేసి చెబుతాను.